రెండు పంటల చదువు

ద్రాక్షతీగ లేతాకు కావాలంటే చివురు నుంచి మూడోదో నాలుగోదో చూసి తుంచాలి, ఐదోదాని మీద చెయ్యి వేశామంటే ఎంతసేపు ఉడికించినా తినేవాళ్ల దవడలు పీకాల్సిందే అని అత్తగారు చెప్పేది. ఆవిడ పోయి ఏళ్లయినా జాబెల్ వేళ్లు ఇప్పటికీ ఆవిడ మాటే వింటున్నాయి, మూడోది, నాలుగోది, తొడిమ గిల్లు, బొత్తిలో పెట్టు, మళ్లీ మూడోది. తోటంతా బూజు తెగులుకు గంధకం పొడి కప్పుకుని పచ్చగా కంపు కొడుతుంటే ఇంటి పక్కనున్న ఈ ఒక్క సాలునూ భర్త బెద్రోస్ వదిలేస్తాడు, ఆకు కోసం. ఏడాది పొడుగునా బియ్యం కూరి సర్మాలు చుట్టుకోవడానికి సరిపడా ఆకు ఈ రెండు వారాల్లోనే కోసి ఉప్పునీళ్ల సీసాల్లో పెట్టుకోవాలి, ఆ తరవాత ఆకు ముదిరిపోతుంది. సాలుకి అటువైపు కూతురు నైరీ కోస్తోంది. తీగల సందుల్లోంచి గడ్డి టోపీ అంచూ, రెండు చేతులూ కనిపిస్తున్నాయి, అంతే. జాబెల్ సంచి సగానికి పైగా నిండింది. నైరీ ఒక ఆకుని పట్టుకుని వెనక్కి తిప్పి చూసి, వేలితో ఈనె తడిమి, మళ్లీ ముందుకి తిప్పి, అప్పుడు తుంచుతోంది. ఇలా కోస్తే ఈ సాలు అయ్యేసరికి ద్రాక్షపళ్లే వచ్చేస్తాయి, అనుకుంది జాబెల్, అనుకుని నవ్వుకుంది, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే ఇవాళ మే నెల మొదటి రోజు, సాయంత్రం లోపల ఆ పిల్ల రెండు కాలేజీల్లో ఒకదానికి వస్తానని చెప్పెయ్యాలి, ఫోను దాని జేబులోనే ఉంది.

సెమిస్టరు, క్వార్టరు అన్న మాటలు బెద్రోస్ నోట ఒక్కసారీ నిలవలేదు. ఏడాదిని రెండు ముక్కలు చేసి ఒక్కో చదువుని పదిహేను వారాలు నడిపేది రెండు పంటల కాలేజీ, పదేసి వారాల చొప్పున మూడుసార్లు దున్నేది మూడు పంటల కాలేజీ, అదీ ఆయన లెక్క. కొండల అవతలున్న రెండు పంటల కాలేజీ ఆగస్టు నడిమధ్యలో తలుపులు తీస్తుంది, మే మొదట్లో మూసేస్తుంది. సముద్రం ఒడ్డునున్న మూడు పంటల కాలేజీ సెప్టెంబరు ఆఖరుదాకా తలుపే తియ్యదు, తీశాక జూన్ నడిమిదాకా పిల్లల్ని వదలదు. ఈ ఊళ్లో ఎవరి పిల్లకి ఏ కాలేజీ వచ్చిందన్నా ఆ కాలేజీ మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు, చుట్టకముందు తెరుస్తారా చుట్టాకా అని అడుగుతారు. ఆగస్టు చివర గుత్తులు కోసి సాళ్ల మధ్య కాగితాల మీద పరుస్తారు, మూడు వారాలు ఎండనిచ్చి, నడుమ ఒకసారి తిరగేసి, సెప్టెంబరు వాన మొహం చూపించకముందే కాగితంతో సహా చుట్టేస్తారు. చుట్ట చుట్టేశాక వాన వచ్చినా ఎండుద్రాక్ష బతుకుతుంది, చుట్టకముందు వచ్చిందా, ఏడాది కష్టం బురద. మా రోజుల్లో బడే ద్రాక్ష కోసం ఆగేది, మేం చుట్టి వచ్చాకనే మాస్టారు గంట కొట్టేవాడు అని అత్తగారు గొప్పగా చెప్పేది. ఇప్పుడు బడులు ఆగవు. సముద్రం కాలేజీ మాత్రం ఆగుతోంది చూశావా, మనల్ని అడిగి పెట్టినట్టుంది దాని క్యాలెండరు అన్నాడు బెద్రోస్ ఆ ఉత్తరం వచ్చిన రోజున, అని వంటింట్లోనే రెండడుగులు నాట్యం కూడా వేశాడు. కొండల కాలేజీ ఉత్తరం వారం తరవాత వచ్చింది. దానికి ఎవరూ నాట్యం వెయ్యలేదు. నైరీ దాన్ని చదివి, మడిచి, ఉప్పు డబ్బా కింద పెట్టి, నాన్నా ఇంకాస్త అన్నం పెట్టనా అని అడిగింది.

ఆడపడుచు సిరూన్ వదిన ఉంది, చర్చిలో నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే అందులో మూడు నోళ్లు ఆవిడవే, ఆవిడ మాత్రం మూడు పంటల మీద పళ్లు నూరింది. "మావాణ్ణి పంపానుగా అలాంటిదానికి. మే నెలంతా ఊళ్లో పిల్లలందరూ ఇళ్లకొచ్చేసి పెళ్లిళ్లలో గెంతుతుంటే మావాడు ఒక్కడూ అక్కడ పరీక్ష రాస్తున్నాడు. ఆగస్టులో వీడి జతగాళ్లందరూ వెళ్లిపోతే ఒంటరిగా ఊళ్లో కుక్కల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. అందరూ తూర్పంటే అది పడమరంటుందమ్మా. అయినా మీ పిల్లకేం, నత్తకి ఏ దారైనా ఒకటే, ఆలస్యం అమృతం విషం అని ఎవరైనా చెప్పండి దానికి." నత్త అన్న ఆ మాట జాబెల్‌కి ఇప్పటికీ మింగుడుపడలేదు. పైకి మాత్రం నిదానమే ప్రధానం అన్నారు కదా వదినా అంది, వదిన మూతి మూడు వంకర్లు తిప్పింది. అక్కడికి అది అయిపోయింది, కానీ ఇంటికి వచ్చేదారంతా కారులో జాబెల్ ఆ మాట గురించే ఆలోచించింది. నత్త అని నేనెప్పుడూ అనుకోలేదు, నేననుకున్నదేమిటంటే... ఏమనుకుందో ఆవిడకే తెలియదు, ఇప్పుడు ఆకు తుంచుతూ మళ్లీ అక్కడికే వచ్చింది.

మూడేళ్లు నిండినా ఆ పిల్ల నోరు విప్పలేదు. చర్చి ఆడవాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు, తేనె నాకించమని ఒకరు, గంట కొట్టే తాడు పట్టించమని ఒకరు. బెద్రోస్ డాక్టర్ల చుట్టూ తిరిగాడు, జాబెల్ రాత్రుళ్లు దాని నోటి దగ్గర చెవి పెట్టి పడుకునేది, నిద్రలోనైనా ఏమైనా అంటుందేమోనని. తరవాత ఒక చలికాలం పొద్దున, తీగలు కత్తిరిస్తుంటే, నాన్నా నీ టోపీ కింద పడిపోయింది, నువ్వు చూసుకోలేదు అంది, అంత వాక్యం, ఒక్క తప్పు లేకుండా. బెద్రోస్ టోపీ తీసుకోకుండా నేల మీద కూలబడి ఏడ్చాడు. ఈత సంగతీ అంతే, ఒక ఎండాకాలమంతా ఈత కొలను మెట్ల మీద కాళ్లు తడుపుకుంటూ కూర్చుంది, అందరూ వెక్కిరించారు, మరుసటేడు మెట్లు దిగి, ఎప్పుడూ ఈదుతున్నదానిలా ఆ చివరికి వెళ్లి వచ్చింది. ప్రతి ఏడూ బళ్లో అదే కథ, చలికాలానికి ముందు టీచర్లు పిలిచి మీ అమ్మాయి క్లాసులో నోరెత్తదండీ అని దిగులుగా చెప్తారు, ఎండలు ముదిరేసరికి ఆ టీచర్లే ఇలాంటి పిల్లని చూడలేదండీ అంటారు. కెమిస్ట్రీలో అక్టోబరులో తప్పింది, మేలో క్లాసంతటికీ మొదట వచ్చింది. అక్టోబరు నుంచి మేకి ఎంత దూరం. పది వారాల్లో మూసేసే చదువైతే ఆ పిల్ల అక్టోబరులోనే ఉండిపోయేది కదా అని జాబెల్‌కి తట్టింది, తట్టగానే చేతిలో ఆకు చిరిగింది. చిరిగినది సర్మాకి పనికిరాదు, అయినా పారెయ్యలేదు, గిన్నె అడుగున పరవడానికి ఉంటుందని సంచిలో వేసింది.

పది వారాలంటే ఏమిటో జాబెల్‌కి తెలుసు. ఆవిడ చదివింది కూడా అలాంటి చోటే, వేరే కాలేజీ, కానీ అదే పరుగు. మూడో వారంలో ఒక పరీక్ష, ఆరో వారంలో ఇంకోటి, ఈలోగా జలుబు చేసిందా నాలుగో వంతు చదువు పోయినట్టే. ఆవిడ చురుకైన పిల్ల కాబట్టి నెగ్గుకొచ్చింది. నక్షత్రాల క్లాసు ఒకటి తీసుకుంది, ముసలావిడ చెప్పేది, చేతులు వణుకుతుండేవి, ఆకాశం వైపు చూపించేటప్పుడు మాత్రం వణకవు. ఆవిడ పేరు జాబెల్ నోటికి పట్టేసరికి తొమ్మిదో వారం. ఎవరూ చూపించకుండా తనంతట తాను ఒక చుక్కని గుర్తుపట్టిన రాత్రి ఎంత సంతోషపడిందో, మర్నాడే పరీక్ష, ఆ తరవాత ఆ క్లాసే లేదు, ఇంకో క్లాసు, ఇంకో పేరు. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు పెరట్లో నిలబడి తల ఎత్తితే ఒక్క చుక్క పేరూ చెప్పలేదు. అలాగని ఆ పద్ధతిని పూర్తిగా తిట్టలేదు కూడా, ఒకేసారి అయిదు పుస్తకాలు నెత్తిన పెట్టరు, మూడే ఇస్తారు, నచ్చని మాస్టారు దొరికితే పది వారాల్లో పీడ విరగడవుతుంది. నైరీ అదే చెప్పింది మొన్న అన్నం దగ్గర, అమ్మా, మూడే సబ్జెక్టులు, నాలాంటిదానికి అదే సుఖం. నాలాంటిది అంది. సిరూన్ వదిన మాట దాని చెవినా పడిందన్నమాట. మూడైతేనేం, అయిదైతేనేం తల్లీ, నీకు కావలసింది తక్కువ బరువు కాదు, ఎక్కువ రోజులు, అని అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. పెరుగు గిన్నె బెద్రోస్ వైపు జరిపింది.

ఎందుకు చెప్పలేదో కూడా తెలుసు. సెప్టెంబరులో ఆ పిల్ల ఇంట్లో ఉండాలని జాబెల్‌కి ప్రాణం కొట్టుకుపోతోంది. బెద్రోస్ భుజానికి పోయిన చలికాలం ఆపరేషనైంది, ఒంటి చేత్తో కాగితం చుట్టలేడు, కూలీలు ఆ వారంలో దేవుడి కన్నా కరువు, అవన్నీ నిజమే, కానీ అవేవీ కాదు అసలు సంగతి. చుట్టే రోజుల్లో ముగ్గురూ ఒకే సాలులో మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్తారు, ఎండిన ద్రాక్ష తీపి వాసన జుట్టుకి కూడా పడుతుంది, వంగి ఉన్న మనుషులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూడరు కాబట్టి ఏమైనా మాట్లాడుకోగలరు. ఏడాది మొత్తంలో నైరీ తనంతట తాను మాట్లాడేది ఆ వారమే. మొదటిసారి ఒక అబ్బాయి నచ్చాడని చెప్పింది అప్పుడే, నాయనమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఇప్పుడొస్తోంది అని చెప్పింది అప్పుడే, పోయి ఏడాదయ్యాక. పన్నెండేళ్లప్పుడు మబ్బు పట్టి, ఇంకా పూర్తిగా ఎండకపోయినా గాభరాగా చుడుతుంటే, వానని తిట్టకు నాన్నా, దానికి మన సంగతి తెలియదు కదా అని తండ్రిని ఓదార్చింది. ఆ వారాన్ని వదులుకోవాలా? ఎవరైనా అడిగితే జాబెల్ వదులుకోనని అరిచి చెప్పేది. కొండల కాలేజీలో సెలవులు లేకపోలేదు, క్రిస్మసుకి నెల పైన ఇస్తారు, సముద్రం వాళ్లకంటే ఎక్కువే, మేలో అందరికంటే ముందు పంపేస్తారు, రోజులు రోజులకి చెల్లు. కానీ జనవరిలో చుట్టడానికి ఏముంటుంది, మోడులు తప్ప.

మార్చిలో రెండు చోట్లకీ తీసుకెళ్లింది తనే, బెద్రోస్‌కి చేతికట్టు ఇంకా విప్పలేదు. సముద్రం కాలేజీ అందంగానే ఉంది, నీలంగా, గాలిగా, నైరీ కూడా బాగుందనే అంది. చూపించడానికి వచ్చిన పిల్ల మాత్రం వెనక్కి నడుస్తూ మాట్లాడుతూనే మధ్యమధ్య గడియారం చూసుకుంది, నాకు మిడ్‌టర్మ్ ఉందండీ, ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒక మిడ్‌టర్మ్ ఉంటుంది అని నవ్వింది, అలవాటైపోతే సరదాగానే ఉంటుంది అని కూడా అంది. మర్నాడు కొండల కాలేజీ. అక్కడ ఇష్టమైన క్లాసులో ఒక గంట కూర్చోవచ్చన్నారు. నైరీ నదుల గురించి చెప్పే క్లాసు ఎంచుకుంది, వెనక బెంచీలో కూర్చుంది, జాబెల్ తలుపు పక్కన. ఆ పిల్లలు జనవరి నుంచి ఒక్క నదినే చదువుతున్నారట, వాళ్ల కాగితాల మూలలు నలిగిపోయి ఉన్నాయి, మాస్టారికి తొందర లేదు, ఒకడు తప్పు చెప్తే ఆ తప్పు వెంట కాసేపు నడిచి వెనక్కి తీసుకొచ్చాడు. గంట అయిపోవస్తుండగా వెనక నుంచి ఒక గొంతు, మా లోయలోకి తిప్పకముందు ఈ నది ఎటు పారేదండీ అంది. ఎవరిదా గొంతు అని జాబెల్ కూడా అందరితోపాటు తిరిగి చూసింది. నైరీది. కొత్త చోట, కొత్త మనుషుల్లో, మొదటి గంటలో. మూడేళ్లు మాటకోసం కాచుకున్న తల్లికి ఆ ప్రశ్న వినపడ్డాక ఇంకేం వినపడలేదు. మాస్టారు దానికి జవాబు చెప్పలేదు, మంచి ప్రశ్న, నువ్వు ఆగస్టులో వస్తే డిసెంబరు లోపల ఇద్దరం వెతుకుదాం అన్నాడు. ఇంటికి వస్తూ పెట్రోలు పోయించుకోవడానికి ఆగినప్పుడు నైరీ, డిసెంబరు దాకా అమ్మా, ఒక్క ప్రశ్నకి అంది. ఆ సంగతి బెద్రోస్‌కి నైరీ చెప్పలేదు. జాబెల్ కూడా చెప్పలేదు. ఇద్దరూ ఎందుకు చెప్పలేదో ఇద్దరికీ తెలుసు, కాబట్టి అది ఇంట్లో ఎవరూ కూర్చోని కుర్చీలా ఇన్నాళ్లూ ఉండిపోయింది.

దూరంగా ట్రాక్టరు చప్పుడు మలుపు తిరిగింది, అంటే ఇంకో రెండు సాళ్లు, ఆ తరవాత బెద్రోస్ వచ్చేస్తాడు. అటువైపు చేతులు ఆగాయి.

"అమ్మా, నాన్న వచ్చేలోపల నొక్కేస్తాను. ఆయన చేతులు కడుక్కుంటుంటే చెప్పేద్దాం, మళ్లీ నాట్యం చేస్తాడు."

"ఏది నొక్కుతావు?"

"ఏదేమిటి, సముద్రందే కదా. చుట్టాక తెరిచేది."

ఏమీ చెప్పక్కర్లేదు, అనుకుంది జాబెల్. ఇంకో ఆకు కొయ్యి, ఇంకోటి, నోరు మూసుకుని ఇంకోటి, సెప్టెంబరు నీది, జీవితాంతం కాకపోయినా ఈ నాలుగేళ్లూ నీది. పిల్ల తనంతట తానే ఇస్తోంది, నువ్వేం లాక్కోవడం లేదు. ఇంతకీ పదివారాల్లో బతకలేదా ఏం, నువ్వు బతకలేదూ? బతికాను, బతికి ఒక్క చుక్క పేరూ చెప్పలేను. జాబెల్ సంచి కింద పెట్టింది.

"నైరీ, ఆ నది ఎటు పారేదో తెలిసిందా?"

అటువైపు చేతులు ఒక ఆకుని తిప్పి చూసి, తుంచకుండా వదిలేశాయి. పిచ్చుక ఒకటి తీగ మీద వాలి లేచిపోయింది.

"లేదు. కొంచెం చదివాను. అంతుపట్టలేదు."

"పది వారాల్లో అంతుపడుతుందా?"

"అమ్మా, ఎందుకిప్పుడు."

"పడుతుందా లేదా చెప్పు."

"నాకా? నాకు పది వారాల్లో మాస్టారి పేరే పట్టుబడదు." నవ్వబోయి నవ్వలేకపోయింది. "మరి సెప్టెంబరులో ఎవరు చుడతారు? నాన్న భుజం అలా ఉంది. నువ్వొక్కదానివీ ఎన్ని చుడతావు?"

"నువ్వు చుట్టేది ఏపాటిలే. ఒక్కో కాగితానికీ పూట పడుతుంది నీకు. నువ్వు లేకపోతే రెండు రోజులు ముందే అయిపోతుంది."

"అబద్ధం."

"అబద్ధమే," అంది జాబెల్. "నువ్వు లేకపోతే ఆ వారం నాకు అన్నం సయించదు. అయినా వెళ్లు. నీకు నెమ్మదిగా పండే గుణం ఉంది తల్లీ, అది రోగం కాదు, కాస్త పొడుగు ఎండ కావాలి, అంతే. పదిహేను వారాలున్నచోటికి వెళ్లు."

"నాన్న?"

"రెండు రోజులు మూతి ముడుచుకుంటాడు. మూడోరోజు కాఫీ దుకాణంలో కూర్చుని రెండు పంటలైతేనే నేల సత్తువ నిలుస్తుందని అందరికీ పాఠం చెప్తాడు, చూడు. ఆయన సంగతి నేను చూసుకుంటాను."

ఆకుల సందులోంచి ఫోను వెలుగు కనిపించింది, దాని మీద ఆ బొటనవేలు. ఆకుని చూసినట్టే దాన్నీ చూస్తోంది, తిప్పి, తడిమి. తొందరపెట్టకూడదు, తొందరపెట్టకూడదు అని జాబెల్ తనకి తాను చెప్పుకుంది, ట్రాక్టరు ఇంకో సాలు తిరిగింది, గంధకం వాసన గాలికి ఇటు వచ్చి వెళ్లింది. పూర్వం బిడ్డ నోటి దగ్గర చెవి పెట్టుకుని పడుకున్న రాత్రుల్లో ఎలా ఊపిరి బిగబట్టేదో అలాగే బిగబట్టి నిలబడింది. బొటనవేలు కిందికి దిగింది.

"అయిపోయింది," అంది నైరీ. ఏడుస్తోంది, కానీ ఆ ఏడుపులో బరువు లేదు. జాబెల్ తీగల మధ్యగా చెయ్యి దూర్చింది, మణికట్టు గీరుకుంది, అవతల ఆ వేళ్లు దొరికాయి, ఆకు పసరుతో జిగురుగా ఉన్నాయి. ఇప్పుడు ఆవిడకి సంతోషంగా ఉంది, భయంగా ఉంది, ఎవరో చేతిలోంచి ఏదో తీసుకుపోయినట్టు దిగులుగా కూడా ఉంది, మూడూ ఒకేసారి, ఏది ముందో తెలియడం లేదు.

కాసేపటికి నైరీ మళ్లీ ఫోను చూసి, "అమ్మా," అంది, చిన్న గొంతుతో. "చేరాల్సిన రోజు వచ్చింది ఇందులో. ఆగస్టులో గురువారం. ద్రాక్ష దీవెనకి మూడు రోజుల ముందు."

జాబెల్‌కి ఇది తట్టనే లేదు. సెప్టెంబరు గురించే ఏడ్చింది కానీ ఆగస్టు గురించి ఆలోచించలేదు. ఆగస్టు నడిమి ఆదివారం అయ్యగారు చర్చి ముందు బల్లల మీద పోసిన ద్రాక్షని దీవించేదాకా వీళ్లు ఎవరూ కొత్త పండు నోట్లో పెట్టరు. తోటలో వేల గుత్తులు తీపెక్కి వేలాడుతున్నా సరే, దీవెనకి ముందు ఒక్క పండు తినరు. చిన్నప్పుడు బెద్రోస్ ఒక్కటి నోట్లో వేసుకున్నాడని అత్తగారు వేలు పెట్టి కక్కించిందట, యాభై దాటాక కూడా ఆ ముచ్చట చెప్పుకుని ఆయన నోరు తుడుచుకుంటాడు. జాబెల్ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ తప్పలేదు, పురిటి నొప్పుల్లో నోరెండి, పక్కనే పళ్లు కనపడుతుంటే కూడా తినలేదు. నైరీ ఆ గురువారం, తన తోట పండు ఒక్కటీ రుచి చూడకుండా కారెక్కుతుంది, పళ్లన్నీ అలా చూస్తూ ఉంటాయి.

"పోనీలే అమ్మా," అంది నైరీ ముక్కు చీదుకుంటూ. "ఈ ఏడాదికి లేకపోతేనేం. వచ్చాక ఎండినవి తింటాను."

ట్రాక్టరు ఆగిపోయింది. కుళాయి దగ్గర బెద్రోస్ బూట్లు దులుపుకుంటున్న చప్పుడు. జాబెల్ ఆ వేళ్లని వదల్లేదు.

"నువ్వెళ్లే ముందురోజు, బుధవారం సాయంత్రం ఒక గుత్తి కోస్తాను," అంది. "మంచి గుత్తి, ఎండ వైపుది. నా ముందే కూర్చుని తినాలి."

"దీవెన లేకుండానా? పాపం కదూ?"

"పాపమైతే నా లెక్కలో వేసుకోమను ఆ దేవుణ్ణి. నువ్వు తినే వెళ్లాలి."